క్రీడోత్సవములు – కూలివారి బాకీ

2030వ సంవత్సరపు కామన్‌వెల్తు క్రీడలను అహమ్మదాబాదు నగరమున జరుపుటకు 2025 నవంబరు 26వ తేదీన గ్లాస్గోలో సమావేశమైన కామన్‌వెల్తు క్రీడాసంఘ మహాసభ ఆమోదించెను. 2036వ సంవత్సరపు ఒలింపిక్ క్రీడలను గూడ మనదేశమునకు రప్పింపవలయునని భారత ఒలింపిక్ సంఘమువారు 2024 అక్టోబరులోనే అంతర్జాతీయ సంఘమునకు లేఖ పంపియున్నారు. ఈ వార్తలకు సంతసింపని భారతీయుడుండడు, మేమును సంతసించితిమి. అయినను మన పల్లెటూళ్లలో ఒక మర్యాద కలదు. ఇంట పెండ్లి తలపెట్టిన గృహస్థు మేళగాండ్రతో మాటాడుటకు మునుపే పందిరి వేయువాని కూలి మాట తేల్చుకొనును. పెండ్లి పెద్దదైనకొలది పందిరివాని కూలి ఎగవేయుట మరింత సిగ్గుచేటు. ప్రపంచ ప్రఖ్యాతి గల క్రీడోత్సవముల విషయమున ఈ పల్లెటూరి మర్యాద కూడ నడచుట లేదు. పందిరి వేసిన చేతులకు కూలి ముట్టినదా, ఆ చేతులు ప్రాణములతో ఇల్లు చేరినవా యను ప్రశ్న ప్రతి ఉత్సవమును వెంటాడుచునే యున్నది. ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పవలసినవారు మాత్రము ఏదో యొక దేశపు జెండా వెనుక మరుగుపడుచున్నారు.

ఈ విషయమున న్యాయమేదో మనకు పరులు చెప్పనక్కరలేదు. మన సర్వోన్నత న్యాయస్థానమే నలువదేండ్లకు పైబడిన కాలము క్రిందట చెప్పియున్నది. 1982 నవంబరు 19వ తేదీన ఢిల్లీ నగరమున ఆసియా క్రీడలు ప్రారంభమయ్యెను. వానికొరకై వంతెనలు, స్టేడియములు, క్రీడాగ్రామము ఒక్కుమ్మడిగ లేచెను. ప్రభుత్వ శాఖలు ఆ పనులను కంట్రాక్టర్లకిచ్చెను. కంట్రాక్టర్లు జమాదారుల నాశ్రయించిరి. జమాదారులు రాజస్థాను, ఉత్తర ప్రదేశము, ఒరిస్సా గ్రామములనుండి బీదజనమును తోలుకొని వచ్చిరి. నాటి కనీస వేతనము దినమునకు 9 రూపాయల 25 పైసలు. అందులో ఒక రూపాయి జమాదారుని కమీషను. స్త్రీలకు ముట్టినది 7 రూపాయలే యని ఆరోపణ. పదునాలుగేండ్లు నిండని పిల్లలుకూడ పనిలో నుండిరి. పీపుల్సు యూనియను ఫర్ డెమొక్రాటిక్ రైట్సు అను సంఘమువారు ముగ్గురు పండితులచే విచారణ చేయించి, ఆ నివేదికను జతపరచి న్యాయమూర్తి భగవతిగారికి ఒక జాబు వ్రాసిరి. ఆ జాబే పిటిషనుగ స్వీకరింపబడెను. 1982 సెప్టెంబరు 18వ తేదీన, క్రీడలకు రెండు మాసముల ముందు, న్యాయమూర్తులు భగవతి, బహరుల్ ఇస్లాం గారలు తీర్పు చెప్పిరి.

ఆ తీర్పును న్యాయశాస్త్రము చదివినవారేకాక పఠనమందిరమునకు వచ్చు ప్రతివారును తెలిసికొనవలయును. రాజ్యాంగమునందలి 23వ అధికరణము వెట్టిచాకిరిని నిషేధించుచున్నది. కూలివాడు తన యిష్టముచే వచ్చెను, పనిచేసెను, ఇచ్చినది పుచ్చుకొనెను. ఇందులో వెట్టి ఎక్కడిది యని ఎదిరిపక్షము వాదింపవచ్చును గదా! న్యాయస్థానము దీనికి చెప్పిన సమాధానము సూటియైనది. మెడపై కత్తి పెట్టుటయే నిర్బంధము కాదు, ఆకలియు నిర్బంధమే. చట్టము నిర్ణయించిన కనీస వేతనముకంటె తక్కువకు ఏ మనుష్యుడును మనసార ఒప్పుకొనడు; ఒప్పుకొనెనేని వాని దారిద్ర్యమే వానిని నిర్బంధించినదని గ్రహింపవలయును; కావున అట్టి చాకిరి 23వ అధికరణము నిషేధించిన చాకిరియే యగును. ప్రభుత్వము ‘వీరు మా కూలీలు కారు, కంట్రాక్టరు కూలీలు’ అని తప్పించుకొన జూచెను. ఆ వాదము చెల్లలేదు. పని యెవరిదో బాధ్యతయు వారిదే యని న్యాయస్థానము నిశ్చయించి, చట్టములు అమలగుచున్నవో లేదో కనిపెట్టుటకు ముగ్గురు పరిశీలకులను నియమించెను. వెట్టి యను పదము తెలంగాణా పల్లెలు నిఘంటువులో వెదకవలసిన పదము కాదు. ఆ పదమునకు ఇంతటి విశాలార్థము కల్పించిన తీర్పు ఒక క్రీడోత్సవము మూలమున పుట్టుట గమనింపదగినది.

తీర్పు పుట్టినది, దాని పిదప ఏమైనది? ఇరువది యెనిమిది సంవత్సరములు గడచి 2010లో కామన్‌వెల్తు క్రీడలు అదే ఢిల్లీకి వచ్చెను. అదే సంఘము మరల న్యాయస్థానము తలుపు తట్టవలసి వచ్చెను. ఢిల్లీ హైకోర్టువారు మాజీ రాయబారి అరుంధతీ ఘోషు గారి నాయకత్వమున నియమించిన సంఘము పనిస్థలములు చూచివచ్చి, కనీస వేతనము సరిగా ముట్టుట లేదనియు, కార్మిక చట్టములు ఉల్లంఘింపబడుచున్నవనియు నివేదించెను. తీర్పు పుస్తకములలో నిలిచెను. రూపాయి జమాదారు జేబులో నిలిచెను.

రాజ్యాంగము, హైకోర్టు, కార్మిక సంఘములు, పత్రికలు అన్నియు గల స్వదేశముననే పరిస్థితి యిట్లుండగా, ఇవి యేవియు తోడులేక సముద్రము దాటిపోయి పరదేశపు క్రీడోత్సవమునకు ఇటుకలు మోసిన తెలుగు కూలివాని గతి యేమగును? జగిత్యాల, కరీంనగరు, నిజామాబాదు, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మలు ప్రాంతముల పాఠకులకు ఈ ప్రశ్న ఊహాజనితము కాదు. ఆ సీమలో ‘గల్ఫు’ పోయిన మనుష్యుడు లేని వాడ అరుదు.

2010 డిసెంబరు 2వ తేదీన జ్యూరిచ్ నగరమున ఫీఫా కార్యనిర్వాహకవర్గము 2022వ సంవత్సరపు ఫుట్‌బాలు ప్రపంచకప్పు పోటీలను ఖతారు దేశమునకు ప్రసాదించెను. మన జిల్లా యొకటి రెంటికి మించని ఆ చిన్న దేశమున జనాభాలో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగ పరదేశీయులే. ఎనిమిది స్టేడియములలో ఏడు క్రొత్తగా కట్టవలసి యుండెను. వానితోపాటు మెట్రో రైలు, రహదారులు, హోటళ్లు, లూసైలు అను క్రొత్త నగరమే వెలసెను. అచ్చటి కూలివానికి యజమాని ‘కఫీలు’. కఫీలు అనుమతిలేనిదే కూలివాడు పని మారరాదు. చాలకాలమువరకు దేశమే విడువరాదు. పాస్‌పోర్టు దాచిపెట్టుట చట్టవిరుద్ధమే యైనను ఆచారముగ సాగెను. పని వదలి పారిపోయినవాడు దొంగవలె దాగి బ్రదుకవలయును; అట్టివానిని మన గల్ఫు కూలీలు ‘ఖల్లివెల్లి’ యందురు. ఈ బంధము ఖతారులో మొదలుకాదు, మన ఊరిలోనే మొదలగును. మన ప్రభుత్వ నిబంధనల ప్రకారము రిక్రూటింగు ఏజెంటు ముప్పదివేల రూపాయలును, దానిపై పన్నును మించి పుచ్చుకొనరాదు. ఊరి సబ్‌ఏజెంటు చేతిలో ఈ నిబంధనకు గల విలువ యెంతయో అప్పుపత్రము వ్రాసియిచ్చిన వారికే తెలియును. మిత్తికి తెచ్చిన ఆ సొమ్ము తీరుటకే మొదటి యేడు, రెండవ యేడు గడచిపోవును. అప్పు తీరనివాడు జీతము తగ్గించినను నోరెత్తడు, మధ్యాహ్నపు టెండలో పొమ్మన్నను పోవును. 1982 నాటి తీర్పులోని ఆకలి నిర్బంధమునకు ఇది సాక్షాత్తు తోబుట్టువు.

ఎండ మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పక తప్పదు. ప్రపంచకప్పు పోటీలు జూను, జూలై మాసములలో జరుగుట ఆచారము. ఖతారు వేసవిలో ఆటగాండ్ర ప్రాణములకు ముప్పు గలదని వైద్యులును క్రీడాపండితులును చెప్పగా, 2015లో ఫీఫావారు పోటీలను నవంబరు, డిసెంబరు మాసములకు మార్చిరి. యూరపు దేశముల క్రీడాపంచాంగమంతయు తలక్రిందులయ్యెను, అయినను మార్చిరి. స్టేడియములకు శీతలయంత్రములు గూడ అమర్చిరి. తొంబది నిమిషములు పరుగెత్తు వానికి తగని ఎండ, పదిగంటలు ఇనుము మోయువానికి తగునా? ఖతారున 2007 నుండియు వేసవిలో మధ్యాహ్నపు విరామ నిబంధన యుండెను. అది పదకొండున్నర మొదలు మూడు గంటలవరకు మాత్రమే, జూను నడుమనుండి ఆగష్టు చివరివరకు మాత్రమే. దానిని ఉదయము పది మొదలు మూడున్నరవరకు విస్తరించి, సెప్టెంబరు నడుమవరకు పొడిగించినది 2021లో. అప్పటికి స్టేడియములలో పెక్కులు పూర్తియైనవి.

ఇక మరణముల లెక్క. 2021 ఫిబ్రవరిలో లండనులోని గార్డియను పత్రిక, ఖతారునకు పోటీలు లభించిన నాటినుండి పదేండ్లలో భారతదేశము, పాకిస్తాను, నేపాళము, బంగ్లాదేశము, సింహళములకు చెందిన ఆరువేల ఐదువందలకు పైగా పరదేశ శ్రామికులు అచ్చట మరణించిరని ఆయా ప్రభుత్వముల లెక్కలనుండి సేకరించి ప్రకటించెను. వారిలో భారతీయులు 2,711 మంది. ఈ సంఖ్యను పట్టుకొని కొందరు ప్రతి చావును స్టేడియము మెట్లపైననే సంభవించినట్లు ప్రచారము చేసిరి. అది సత్యము కాదు. ఇందులో అన్ని వృత్తులవారును గలరు. ఇంత పెద్ద జనసంఖ్యలో ఇన్ని మరణములు అసహజము కావని ఖతారు ప్రభుత్వము వాదించెను. స్టేడియముల పనిస్థలములలో పనివలన కలిగిన మరణములు మూడే యనియు, పనితో సంబంధము లేనివి ముప్పదియేడనియు నిర్వాహకసంఘము చెప్పుచు వచ్చెను. తుదకు 2022 నవంబరులో, పోటీలు జరుగుచుండగానే, ఆ సంఘ ప్రధానకార్యదర్శి హసన్ అల్ థవాదీ గారే ఒక టెలివిజను సంభాషణలో పోటీలకు సంబంధించిన పనులలో చనిపోయినవారు నాలుగువందలు, ఐదువందల నడుమ నుందురని పలికిరి. మూడు ఎక్కడ, ఐదువందలు ఎక్కడ!

మాకీ సంఖ్యావివాదముకంటె దాని మూలము ముఖ్యము. లెక్క తేలకుండుటకు కారణము శవములను పరీక్షింపకుండుటయే. గార్డియను సేకరించిన కాగితములలో భారతీయుల మరణములు నూటికి ఎనుబది ‘సహజ మరణములు’. గుండె ఆగినది, ఊపిరి ఆగినది అని వ్రాసియుండును. గుండె ఆగకుండ చచ్చినవాడెవడు? వైద్యపరీక్షలో నెగ్గి విమానమెక్కిన ముప్పదియేండ్ల, నలుబదియేండ్ల మనుష్యుడు రాత్రి లేబరు క్యాంపులో పడుకొని తెల్లవారి లేవకపోవుట ఏ విధమున సహజము? ఖతారు ప్రభుత్వమే నియోగించిన డి.ఎల్.ఏ. పైపరు అను న్యాయవాదుల సంస్థ 2014లోనే, ఇట్టి ఆకస్మిక మరణములలో శవపరీక్ష జరుగునట్లు చట్టము మార్పుడనియు, గుండె ఆగి చనిపోవువారిని గూర్చి ప్రత్యేక పరిశోధన చేయింపుడనియు సలహా చెప్పెను. ఆ సలహా అట్లే పడియుండెను. 2019లో ఒక వైద్యపత్రికయందు వెలువడిన పరిశోధన, 2009 మొదలు 2017 వరకు ఖతారున గుండెజబ్బుచే చనిపోయినట్లు వ్రాయబడిన 571 మంది నేపాళీ శ్రామికులలో రెండువందలమంది దాక ఎండ తీవ్రతనుండి తగిన రక్షణ లభించియుండినచో బ్రదికియుందురని అంచనా కట్టెను. నేపాళీ గుండెకును తెలంగాణా గుండెకును ఎండ విషయమున భేదముండదు గదా.

‘సహజము’ అను ఈ యొక్క పదమే బాకీని రద్దుచేయు మంత్రము. పనివలన మరణించెనని వ్రాసినచో యజమాని నష్టపరిహార మియ్యవలయును. సహజ మరణమని వ్రాసినచో ఇయ్యనక్కరలేదు. అంతటితో ఆగదు. గల్ఫు పోవు శ్రామికునకు మన ప్రభుత్వము నిర్బంధముగ చేయించు ప్రవాసీ భారతీయ బీమా యోజన యొకటి కలదు. పది లక్షల రూపాయల బీమా. ఎవరికి? ప్రమాదమున మరణించిన వానికి, లేదా శాశ్వతముగ అంగవికలుడైన వానికి. సహజ మరణమునకు ఆ పది లక్షలు లేవు! పరదేశపు గుమాస్తా వ్రాసిన ఒక మాట ఆ దేశపు పరిహారమును పోగొట్టి, శంషాబాదు విమానాశ్రయమున శవపేటికతో దిగి, స్వదేశపు బీమాను గూడ పోగొట్టుచున్నది. 1923 నాటి మన నష్టపరిహార చట్టము క్రింద, పనియొక్క శ్రమవలన గుండె ఆగినదని ఋజువైనచో అదియు ప్రమాదమే యని మన న్యాయస్థానములు ఎన్నో తీర్పులలో అంగీకరించినవి. దోహాలో చచ్చిన వానికి మాత్రము ఋజువు చూపుటకు శవపరీక్షయే లేదు. అప్పిచ్చినవాడు ‘సహజ మరణము’ అను కాగితము చూచి అప్పు రద్దుచేయడు.

న్యాయముగ మాటాడవలయునన్న, ఖతారున ఏ మార్పును జరుగలేదనుట తప్పు. అంతర్జాతీయ కార్మిక సంస్థయందు ఫిర్యాదు దాఖలైన పిదప 2017లో ఒప్పందము కుదిరి, మరుసటి యేట ఆ సంస్థ కార్యాలయము దోహాలో వెలసెను. 2020లో కఫీలు అనుమతిలేకుండ పని మారుటకు చట్టము వీలుకల్పించెను. 2021 మార్చి నుండి నెలకు వేయి రియాళ్లు కనీస వేతనముగ, దానికితోడు తిండికిని వసతికిని భత్యములుగ నిర్ణయింపబడెను. స్టేడియముల కూలీలు ఏజెంట్లకిచ్చిన సొమ్ములో కొంత కంట్రాక్టర్లచే తిరిగి ఇప్పింపబడెను. తలచుకొన్నచో చేయవచ్చునని దీనివలన తెలియుచున్నది. కాని ఈ మార్పులు ఎవరి చావులమీదుగ నడచి వచ్చినవో వారి యిండ్లకు వెనుకటి బాకీ ముట్టలేదు.

మన కేంద్ర ప్రభుత్వపు పాత్రయు ఇచ్చట చెప్పుకొనదగియున్నది. గల్ఫు పోవువారికి ఇంతకు తగ్గని జీతమీయవలయునని మన ప్రభుత్వము దేశమువారీగ ఒక కొలత నిర్ణయించును. స్టేడియముల పనులు ముగింపునకు వచ్చుచున్న 2020 సెప్టెంబరులో, కరోనా పేరు చెప్పి, ఆ కొలతను నూటికి ముప్పది మొదలు ఏబది వంతుల దాక తగ్గించిరి. ఉద్యోగములు నిలుచుటకట! కూలివాని పక్షమున బేరమాడవలసిన దేశము కొనువానికంటె ముందుగ తానే ధర తగ్గించుట మేమెన్నడును వినియుండలేదు. తెలంగాణా హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యము దాఖలైన మీదట 2021 జూలైలో పాత కొలతనే మరల అమలుపరచిరి. నడుమ పదినెలల కాలమున తక్కువ జీతపు కాగితములపై వ్రేలిముద్ర వేసి పోయినవారికి ఆ తగ్గింపు ఎవరు పూరింతురు?

ఫీఫా బాధ్యత దీనికంటె గొప్పది. 2019 మొదలు 2022 వరకు నాలుగేండ్లలో ఫీఫా ఆదాయము 750 కోట్ల డాలర్లు మించెను. ఖతారు పోటీలలో జట్లకు పంచిన బహుమతి ద్రవ్యము 44 కోట్ల డాలర్లు. ఆ బహుమతికి తగ్గని మొత్తమునే నష్టపోయిన కూలీలకు కేటాయింపుడని 2022 మేలో అమ్నెస్టీ ఇంటర్నేషనలు, హ్యూమన్ రైట్సు వాచి మొదలగు సంస్థలు కోరెను. పోటీలు ప్రారంభము కాబోవు ముందుదినమున ఫీఫా అధ్యక్షుడు ఇన్‌ఫాంటినో గారు దోహాలో పత్రికలవారిని పిలిచి, తాము ఈ దినమున పరదేశ శ్రామికునివలె భావించుచున్నామని సెలవిచ్చిరి. భావమునకు బత్తెము అక్కరలేదు గదా! 2024 నవంబరులో ఫీఫాకు చెందిన మానవహక్కుల ఉపసంఘము నియోగించిన నివేదికయే ఈ నష్టములను పూరించు బాధ్యత ఫీఫాకు గలదని చెప్పి, ఖతారు పోటీల స్మారకనిధిలో కొంతయైనను కూలీల కుటుంబములకు వినియోగింపవలయునని ఉపసంఘము సిఫారసు చేసెను. ఆ నిధి 5 కోట్ల డాలర్లు. దానిని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాణిజ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి కాందిశీకుల శాఖ మొదలగువాని పథకములకు మళ్లించిరి. అవి పుణ్యకార్యములే కావచ్చును. బాకీదారుడు అప్పులవానికి ఇయ్యవలసిన సొమ్మును దేవాలయమునకు చందా వ్రాసినచో మన మునసబు కోర్టులలో ఏమందురో పాఠకులే యోచింపుడు.

తెలంగాణా ప్రభుత్వము 2024లో గల్ఫు దేశములలో మరణించిన శ్రామికుల కుటుంబములకు ఐదు లక్షల రూపాయల సహాయము నిర్ణయించెను. చావు సహజమా ప్రమాదమా యని అడుగకుండ ఇచ్చుట మెచ్చదగినదే. అయినను అది దయాధర్మము. బాకీపడినవారు జ్యూరిచ్‌లోను దోహాలోను ఉండగా, తీర్చుచున్నవాడు కరీంనగరపు పన్నుదారుడు.

ఈ మాటలకు రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. మొదటిది, క్రీడలలో రాజకీయములు చొప్పింపరాదని. 1936లో బెర్లిను నగరమున ఒలింపిక్ క్రీడలకు ముందు, జూలై 16వ తేదీన, రోమా జాతి కుటుంబములను పట్టితెచ్చి ఊరివెలుపల మార్జాను అను చోట మురుగునీటి పొలముల ప్రక్కన నిర్బంధించిరి. అతిథుల కన్నులకు నగరము శుభ్రముగ కనబడవలయునట. నెల తిరుగకమునుపే, ఆగష్టు 15న, అదే నగరమున ధ్యానుచందు నాయకత్వమున మన హాకీ జట్టు జర్మనులను ఎనిమిదింటికి ఒకటిగ ఓడించెను. మన విజయమును తలచినపుడు పొంగుదము, పొంగవలసినదే. మార్జాను మాట మాత్రము క్రీడలకు సంబంధింపనిదని ఎట్లందుము? ఆ కంచె క్రీడల పేరనే వేయబడెను.

రెండవ ఆక్షేపణ మన స్వాభిమానమును తట్టునది. ఇదంతయు ఆసియావాసుల ఉన్నతిని ఓర్వలేని పాశ్చాత్యుల ఏడ్పు అని. ఇందులో కొంత నిజము లేకపోలేదు. లూసైలు స్టేడియమునకు నమూనా గీచినది లండను సంస్థ. పోటీలను ప్రసాదించినది జ్యూరిచ్ సభ. లాభములు పంచుకొను నాడు లేచని నోళ్లు పోటీల నాడు లేచెను. అట్లని వారి కపటము మన నోరు మూయింపవలెనా? చచ్చినవారు పాశ్చాత్యులు కారు. మనవారి చావును గూర్చి అడుగు హక్కు ముందుగ మనది. మనము అడుగకపోవుటచేతనే ఆ పని లండను పత్రిక చేయవలసి వచ్చినది. కూలి మనది, కన్నీరు మనది, విచారణ మాత్రము పరులదా?

ఇది గడచిన కథయైనచో ఇంత వ్రాయకపోదుము. 2034వ సంవత్సరపు ప్రపంచకప్పు సౌదీ అరేబియాకు లభించినది. పోటీ కోరు దేశములకు 2023 అక్టోబరులో ఫీఫా నెల దినముల గడువైన ఈయలేదు. నిలిచినది ఒకే దేశము. 2024 డిసెంబరు 11వ తేదీన ఓట్లు లెక్కించు పనియే లేక చప్పట్లతో తీర్మానము ముగిసెను. సౌదీ ప్రణాళికలో స్టేడియములు పదునైదు. వానిలో పదకొండు క్రొత్తవి. నియోము అను కట్టుచున్న నగరమున ఒక స్టేడియము. ఖతారు ఎనిమిది స్టేడియములకు ఇంత జరిగినది. పదునైదింటికి ఎంత జరుగునో! అయినను ఫీఫా పరీక్షకులు సౌదీకి ఐదువందలకు 419.8 మార్కులు వేసి, మానవహక్కుల విషయమున ముప్పు ‘మధ్యమము’ అని వ్రాసిరి. మానవహక్కులను గౌరవింతుమని తమ నిబంధనావళి 3వ అధికరణమున తామే వ్రాసికొన్న సంస్థ వేసిన మార్కులివి. 2025 మార్చిలో అల్ ఖోబరు నగరమున కట్టుచున్న స్టేడియమున పాకిస్తాను దేశస్థుడగు శ్రామికుడొకడు ఎత్తునుండి పడి మరణించెను. సౌదీలో స్వతంత్ర కార్మికసంఘములకు తావులేదు. 2021లో కఫాలా కొంత సడలినదని చెప్పుదురు గాని, కట్టడపు కూలీల సంఘముల అంతర్జాతీయ సమాఖ్య 2024 జూనులోనే సౌదీపై అంతర్జాతీయ కార్మిక సంస్థకు ఫిర్యాదు చేసియున్నది.

కావున మేము కోరునది, ఊరికే నిరసన తీర్మానములు కావు. మనవారిని సౌదీ స్టేడియములకు పంపుటకు మునుపే భారత ప్రభుత్వము ఆ దేశముతో వ్రాతపూర్వకమైన ఒడంబడిక చేసికొనవలయును. నలుబది, నలుబదియైదేండ్ల లోపు శ్రామికుడెవడు మరణించినను శవపరీక్ష తప్పక జరుగవలయును; ఆ నివేదిక నకలు కుటుంబమునకు వారి భాషలో చేరవలయును. కారణము తెలియని మరణమును పనివలన కలిగినదిగనే భావించి, కాదని ఋజువుచేయు భారము యజమానిపై నుంచవలయును. ప్రవాసీ బీమాలోని ‘ప్రమాద’ షరతును తీసివేయుట మన చేతిలోనిది. దానికి రియాదు అనుమతి అక్కరలేదు, ఢిల్లీలో ఒక ఉత్తరువు చాలును. మన పార్లమెంటు సభ్యులలో గల్ఫు జిల్లాల ప్రతినిధులు పార్టీభేదము మరచి ఈ యొక్క సవరణకై ఏల నిలువరాదు? ఖతారు బాకీని గూర్చి ఫీఫాను అడుగుటకు మన ఫుట్‌బాలు సమాఖ్యవారికి ఆ సంస్థలో సభ్యత్వము గలదు, ఓటు గలదు. ఆ ఓటు ఇంతవరకు చప్పట్లు కొట్టుటకే పనికివచ్చినది.

ఇక అహమ్మదాబాదు. ఆ నగరమునకు క్రీడలు లభించుటకు ఐదు దినముల ముందు, 2025 నవంబరు 21వ తేదీన, నాలుగు క్రొత్త కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. వలసకూలీల రక్షణకై 1979లో చేసిన చట్టము వానిలో కలిసిపోయినది. క్రొత్త స్మృతులు మంచివో చెడ్డవో వేరుగ చర్చింతము. పేరు ఏదైనను 23వ అధికరణము మారలేదు, 1982 నాటి తీర్పు రద్దుకాలేదు. ఆ తీర్పు ప్రకారము కూలివాని యెడల బాధ్యత ప్రభుత్వమునదే, కంట్రాక్టరుది మాత్రమే కాదు. కనుక ప్రతి పనిస్థలపు గుమ్మమున ఆనాటి వేతనము గుజరాతీ, హిందీలతోపాటు ఒడియా, తెలుగు మున్నగు కూలీల భాషలలో పలకపై వ్రాసి కట్టవలయును. వేతనము జమాదారు చేతికి గాక కూలివాని ఖాతాకే పోవలయును. కార్మికసంఘములవారిని లోపలికి రానీయవలయును. నాడు సుప్రీం కోర్టు నియమించినట్టి పరిశీలకులను ఈసారి పునాదిరాయినాడే నియమింపవలయును. మొదటి టెండరు పత్రముతోనే ఈ షరతులు జతపడవలయునని గుజరాతు ప్రభుత్వమును, క్రీడాసంఘమును మేము కోరుచున్నాము. టెండర్లు ముగిసిన పిదప జాబులు వ్రాయుటకును, కోర్టులకెక్కుటకును ఈ దేశమునకు రెండు పర్యాయముల అనుభవము చాలును.